శాస్త్రవేత్తతో ఒక పీరియడ్

మన బడుల్లో శాస్త్రవేత్త అంటే గోడకు వేలాడే పటం. సి.వి.రామన్, మేడమ్ క్యూరీ, అబ్దుల్ కలాం అందరూ మహానుభావులే. కానీ వాళ్లను ఇప్పుడు ఏమీ అడగలేం. పాఠ్యపుస్తకంలో వాళ్లు కనిపెట్టింది ఉంటుంది. కనిపెట్టే ముందు ఎన్నాళ్లు తికమకపడ్డారో, ఎన్ని ప్రయోగాలు బెడిసికొట్టాయో ఉండదు. అందుకే పదో తరగతి దాకా సైన్సు చదివిన పిల్లలకు కూడా, అది ఎవరో ఎప్పుడో తేల్చేసిన సంగతుల జాబితా అన్న అభిప్రాయమే మిగులుతుంది. ఇంకా తేలని సంగతులతో రోజూ కుస్తీపడే మనుషులు ఉన్నారని, వాళ్లలో కొందరు మన జిల్లా వాళ్లేనని పిల్లలకు తెలియదు.

ఆ అభిప్రాయాన్ని మార్చడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ప్రస్తుతం పరిశోధన చేస్తున్న ఒక శాస్త్రవేత్తతో నలభై నిమిషాల వీడియో కాల్ చాలు. ఎవరిని పిలవాలి, ఏమని రాయాలి, పిల్లలను ఎలా సిద్ధం చేయాలి, ఆ నలభై నిమిషాలు ఎలా నడపాలి అన్నవి ఈ అధ్యాయంలో వరసగా చూద్దాం. ఒక మాట మాత్రం ముందే చెప్పుకోవాలి. ఈ కాల్‌లో ముఖ్య అతిథి శాస్త్రవేత్త కాదు, పిల్లల ప్రశ్న. మీ ఏర్పాట్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరగాలి.

ఉపన్యాసం వద్దు

2017లో అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో స్క్విడ్ల మీద పరిశోధన చేస్తున్న సారా మెకానల్టీ 'స్కైప్ ఎ సైంటిస్ట్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. టీచర్ తన తరగతి వివరాలు ఇస్తే, తగిన శాస్త్రవేత్తను వెతికి ఉచితంగా జత కలుపుతారు. ఇందులో శాస్త్రవేత్త స్లైడ్లు వేసి పాఠం చెప్పడు. పిల్లలు అడుగుతారు, ఆయన జవాబిస్తాడు. స్కైప్ 2025 మేలో మూతపడింది గానీ ఈ పద్ధతి ఏ యాప్‌లోనైనా చక్కగా నడుస్తుంది.

దీనికంటే కఠినమైన నమూనా ఇంకొకటి ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో బడి పిల్లలు హామ్ రేడియోలో మాట్లాడతారు. అంతరిక్ష కేంద్రం ఒక ఊరి ఆకాశాన్ని దాటిపోవడానికి పట్టేది సుమారు పది నిమిషాలే. ఆ తర్వాత సిగ్నల్ అందదు. అందుకని పిల్లలు నెలల ముందే ప్రశ్నలు రాసుకుని, నంబర్లు వేసుకుని, వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. 2025 జూలైలో అంతరిక్ష కేంద్రం నుంచి భారత వ్యోమగామి శుభాంశు శుక్లా మన విద్యార్థులతో హామ్ రేడియోలో మాట్లాడింది కూడా ఈ పద్ధతిలోనే. అక్కడ స్వాగతోపన్యాసానికి గానీ వందన సమర్పణకు గానీ చోటు లేదు. మీకు పది బదులు నలభై నిమిషాలు ఉంటాయి. అయినా వాటిని అంతే పొదుపుగా వాడుకోవాలి.

ముందు ఒక బొమ్మ గీయించండి

కాల్ సంగతి చెప్పకముందే ఒకరోజు పిల్లలకు తెల్లకాగితం ఇచ్చి, "శాస్త్రవేత్త బొమ్మ గీయండి" అనండి. ఇంకేమీ చెప్పొద్దు. డేవిడ్ వేడ్ చాంబర్స్ అనే పరిశోధకుడు ఇలా 4,807 మంది పిల్లల చేత బొమ్మలు గీయించి, ఫలితాలను 1983లో ప్రచురించాడు. వాటిలో మహిళా శాస్త్రవేత్త ఉన్న బొమ్మలు 28 మాత్రమే. ఆ 28 గీసింది కూడా ఆడపిల్లలే. మిగతావాటిలో తెల్లకోటు, కళ్లజోడు, గడ్డం, గాజు సీసాలు పదేపదే కనిపించాయి. అమెరికాలో తర్వాతి దశాబ్దాల్లో జరిగిన ఇలాంటి అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూస్తే, మహిళలను గీసే పిల్లల సంఖ్య బాగా పెరిగిందని తేలింది. అంటే పిల్లల మనసులో ఉన్న బొమ్మ రాతిమీద చెక్కింది కాదు, చుట్టూ కనిపించేదాన్ని బట్టి మారుతుంది.

మీ తరగతి గీసిన బొమ్మలు చూస్తే ఎవరిని పిలవాలో మీకే తోస్తుంది. అందరూ ముసలి మగవాళ్లనే గీస్తే ఒక యువ పరిశోధకురాలిని వెతకండి. అందరూ గాజు సీసాలే గీస్తే పొలంలోనో సముద్రం మీదో కంప్యూటర్ ముందో పనిచేసేవాళ్లను వెతకండి. బొమ్మలను భద్రంగా దాచండి. కాల్ తర్వాత మళ్లీ వాటి పని ఉంది.

ఎవరిని పిలవాలి

చాలామంది టీచర్లు ఇక్కడే తడబడతారు. పిలిస్తే డైరెక్టర్‌నే పిలవాలనుకుంటారు. పెద్దవాళ్లకు తీరిక ఉండదు, జవాబు రాదు, ఉత్సాహం చల్లబడుతుంది. పిహెచ్‌డీ చేస్తున్న ఇరవై ఏడేళ్ల పరిశోధకురాలిని అడిగి చూడండి. ప్రయోగాలు స్వయంగా చేస్తున్నది ఆమె. నిన్న ఏం పాడైందో, ఇవాళ ఏం సరిచేసిందో చెప్పగలదు. పిల్లలకు ఆమె మహానుభావురాలిలా కాకుండా అక్కలా కనిపిస్తుంది. అక్కనైతే దేన్నైనా అడగొచ్చు.

రెండో సూత్రం: పాఠానికి, ఊరికి దగ్గరగా ఉన్నవాళ్లను ఎంచుకోండి. తెలుగు నేల మీద పరిశోధన సంస్థలకు కొదవ లేదు. వరి పండే ఊళ్లకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. కంది, శనగ, జొన్న, వేరుశనగ పండే మెట్ట ప్రాంతాలకు 1972 నుంచి పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. జన్యువుల పాఠానికి 1977లో మొదలైన సీసీఎంబీ, భూకంపాల పాఠానికి ఎన్‌జీఆర్‌ఐ, ఆహారం పాఠానికి జాతీయ పోషకాహార సంస్థ, ఉపగ్రహ చిత్రాలకు ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. సునామీ హెచ్చరికలు, చేపలు ఎక్కువగా దొరికే చోట్ల సమాచారం మత్స్యకారులకు పంపే ఇన్‌కాయిస్ కూడా సముద్రానికి దూరంగా హైదరాబాద్‌లోనే ఉంది. ఈ సంగతి తీరప్రాంతపు పిల్లలకు చెబితే అక్కడే ఒక ప్రశ్న పుడుతుంది. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, తిరుపతిలో ఐసర్, తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో వాతావరణాన్ని రాడార్లతో పరిశీలించే ప్రయోగశాల ఉన్నాయి. ఇవేవీ కుదరకపోతే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో వ్యవసాయ శాస్త్రవేత్తలు ఉంటారు. మట్టి పరీక్ష గురించి చెప్పడానికి వాళ్లను మించినవాళ్లు లేరు.

విద్యార్థులను, శాస్త్రవేత్తలను కలపడానికి సీఎస్‌ఐఆర్ 2017లో 'జిజ్ఞాస' కార్యక్రమాన్ని ప్రారంభించింది. సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, రసాయన పరిశోధనలు చేసే ఐఐసీటీ సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలే కాబట్టి అక్కడికి రాసేటప్పుడు ఆ పేరు ప్రస్తావించండి. మీ బడిలోనే చదివి ఇప్పుడు బెంగళూరులోనో బోస్టన్‌లోనో పరిశోధన చేస్తున్న పూర్వ విద్యార్థి ఎవరైనా ఉన్నారేమో పాత టీచర్లను అడగండి. అదే బెంచీ మీద కూర్చున్న మనిషి తెర మీద కనిపిస్తే ఆ ప్రభావమే వేరు.

ఉత్తరం ఎలా రాయాలి

ఈమెయిల్ పొట్టిగా ఉండాలి. మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి: పిల్లలు ఎవరు, ఎందుకు మిమ్మల్నే అడుగుతున్నాం, మీరు ఎంత సమయం ఇవ్వాలి. ఇదొక నమూనా:

"నమస్కారం మేడమ్. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా తొమ్మిదో తరగతిలో 38 మంది ఉన్నారు. ఎక్కువమంది ఇళ్లలో చేపల చెరువు, రొయ్యల చెరువు పనే జీవనాధారం. నీటిలో ఆక్సిజన్ గురించి పిల్లలు రెండు వారాలుగా చెరువు గట్టున గమనించి రాసుకుంటున్నారు. మీరు నీటి నాణ్యత మీద పరిశోధన చేస్తున్నారని చదివాను. నలభై నిమిషాల వీడియో కాల్‌లో వీళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పగలరా? ఉపన్యాసం గానీ స్లైడ్లు గానీ సిద్ధం చేయనక్కర్లేదు. ప్రశ్నలు నాలుగు రోజుల ముందే పంపుతాను. తెలుగైనా ఇంగ్లీషైనా సరే. వచ్చే నెల రెండు, మూడు వారాల్లో మీకు వీలైన రోజు చెబితే మా టైమ్ టేబుల్ సర్దుకుంటాం."

"స్లైడ్లు అక్కర్లేదు" అన్న మాట చాలా పని చేస్తుంది. ఒప్పుకోవడానికి శాస్త్రవేత్తలు వెనకాడేది చాలాసార్లు తయారీకి పట్టే సమయాన్ని చూసే. ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవాళ్లకు పైఅధికారి అనుమతి కావాల్సి రావచ్చు. కనుక కనీసం నాలుగు వారాల వ్యవధి ఇవ్వండి. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే నొచ్చుకోకుండా ఇంకొకరికి రాయండి.

ఫిబ్రవరి 28, జాతీయ సైన్సు దినోత్సవం. ఆరోజు ప్రతి బడీ, ప్రతి కాలేజీ శాస్త్రవేత్తల కోసం వెతుకుతుంది. పైగా పదో తరగతికి పరీక్షల ఒత్తిడి. జూలై నుంచి నవంబరు మధ్య అడగండి, సులువుగా దొరుకుతారు.

ప్రశ్నలకు ఒక వారం

అసలు కార్యక్రమం కాల్ కంటే ముందే, ఈ వారంలోనే జరుగుతుంది. ఏ తయారీ లేకుండా పిల్లలను అడగమంటే వచ్చే ప్రశ్నలు మనకు తెలిసినవే: "మీకు ఆదర్శం ఎవరు?", "మాకు మీరిచ్చే సందేశం ఏమిటి?" ఇవి సన్మాన సభల్లో విని నేర్చుకున్న ప్రశ్నలు. వీటికి జవాబులు కూడా సన్మాన సభల్లో లాగే వస్తాయి.

మొదటి రోజు ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు రాయమనండి. తప్పొప్పులు పట్టొద్దు. రెండో రోజు పిల్లల చేతే వాటిని రెండు కుప్పలుగా వేయించండి. పుస్తకంలోనో ఇంటర్నెట్‌లోనో దొరికేవి ఒక కుప్ప, ఆ మనిషినే అడగాల్సినవి ఇంకో కుప్ప. మొదటి కుప్పలోని వాటికి జవాబులు పిల్లలే వెతకాలి. రెండో కుప్పను మూడో రోజు నుంచి పదును పెట్టాలి.

పదును పెట్టడం అంటే ఏమిటో చూద్దాం. భీమవరం, కైకలూరు వైపు బడిలో ఒక పిల్లవాడు "చెరువులో చేపలు ఎందుకు చచ్చిపోతాయి?" అని రాశాడనుకోండి. ఇది చాలా పెద్ద ప్రశ్న, దానికి వంద జవాబులుంటాయి. "నువ్వు ఎప్పుడు చూశావు?" అని అడగండి. తెల్లవారుజామున అంటాడు. "ఎండగా ఉందా, మబ్బుగా ఉందా?" అంతకు ముందురోజంతా మబ్బు పట్టి ఉందంటాడు. "నాన్న అప్పుడేం చేశాడు?" ఏరేటర్లు తిప్పాడంటాడు. ఇప్పుడు ప్రశ్న మారిపోతుంది: "మబ్బు పట్టిన రోజు తర్వాత తెల్లవారుజామునే చేపలు నీటిపైకి వచ్చి నోరు ఎందుకు తెరుస్తాయి? పగలు ఎందుకు అలా చేయవు?" నీటిలోని నాచు పగలు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ విడుదల చేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. చేపలూ నాచూ సూక్ష్మజీవులూ అన్నీ ఉన్న ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ ఉంటాయి. అందుకే తెల్లవారేసరికి అది బాగా పడిపోతుంది. మబ్బు రోజున నిల్వే తక్కువ కాబట్టి ముప్పు ఎక్కువ. ఇంతవరకు తరగతిలోనే తేల్చుకోవచ్చు. శాస్త్రవేత్తకు మిగలాల్సిన ప్రశ్న ఆ తర్వాతది: "ఆక్సిజన్ పడిపోతుందని సాయంత్రమే కనిపెట్టాలంటే మేం ఏం కొలవాలి? మీరైతే రోజుకు ఎన్నిసార్లు కొలుస్తారు? మీ మీటరు తప్పు చూపిస్తోందని ఎలా తెలుస్తుంది?"

చూశారుగా, ఆ పిల్లవాడు ఇప్పుడు శాస్త్రవేత్తతో పని గురించి మాట్లాడుతున్నాడు. అలాంటి ప్రశ్నకు ఏ శాస్త్రవేత్త అయినా కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటారు.

ఏ రంగం వాళ్లనైనా అడగదగ్గ ప్రశ్నలు కొన్ని:

1. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు ఏమేం చేశారు?
2. మీ ప్రయోగం ఎప్పుడైనా చెడిపోయిందా? చెడిందని ఎలా తెలిసింది?
3. ముందు నిజమని నమ్మి, తర్వాత మార్చుకున్న అభిప్రాయం ఏదైనా ఉందా?
4. మీ రంగంలో ఇప్పటికీ ఎవరికీ తెలియనిది ఏమిటి?
5. మా ఊళ్లో, మా దగ్గరున్న వస్తువులతో మేం కొలవగలిగింది ఏదైనా చెబుతారా?

వారం చివర పన్నెండు ప్రశ్నలు ఎంచి, నంబర్లు వేసి, ఒక్కొక్కటి ఒక్కొక్కరికి అప్పగించండి. ఎప్పుడూ చెయ్యెత్తే ముగ్గురికే కాకుండా వెనక బెంచీ వాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, సగానికి తగ్గకుండా ఇవ్వండి. జాబితా శాస్త్రవేత్తకు పంపండి. దాంతోపాటు మీ పాఠ్యపుస్తకంలోని ఆ పాఠం పేజీల ఫొటోలు కూడా పంపండి. పిల్లలకు ఏ మాటలు తెలుసో వాటిని బట్టి శాస్త్రవేత్తకు అర్థమవుతుంది.

గడియారం లెక్క

విదేశాల్లో ఉన్నవాళ్లను పిలిస్తే ముందు ఈ లెక్క చూసుకోండి. మనకు ఉదయం 10 అయితే అమెరికా తూర్పు తీరంలో రాత్రి 11:30 లేదా 12:30. అక్కడివాళ్లను ఆ వేళ అడగడం భావ్యం కాదు. వాళ్లతో అయితే బడి వదిలాక సాయంత్రం 5:30కి పెట్టుకోండి, వాళ్లకు ఉదయం 7 లేదా 8 అవుతుంది. కాలిఫోర్నియాలో మాత్రం మన ఉదయం 10 ముందురోజు రాత్రి 8:30 లేదా 9:30, కాబట్టి కుదురుతుంది. బ్రిటన్ వాళ్లకు మన మధ్యాహ్నం 3 గంటలు ఉదయం 9:30 లేదా 10:30. సిడ్నీలో మన ఉదయం 10 మధ్యాహ్నం 2:30 లేదా 3:30. ఆ దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట ముందుకూ వెనక్కూ జరుపుతారు. అందుకే రెండేసి సమయాలు చెప్పాను. తేదీతో సహా రెండు దేశాల సమయాలనూ ఈమెయిల్‌లో రాసి ఖాయం చేసుకోండి.

ముందు శబ్దం, తర్వాత బొమ్మ

బొమ్మ మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు. మాట వినపడకపోతే అయిదు నిమిషాల్లో తరగతి చెదిరిపోతుంది. ఐఎఫ్‌పీ (తాకితే పనిచేసే పెద్ద తెర) ఉంటే మంచిదే. లేకపోతే ఒక ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, విడిగా ఒక స్పీకర్ ఉంటే సరిపోతుంది. మొబైల్ హాట్‌స్పాట్ చాలు. గంట కాల్‌కు సుమారు ఒక జీబీ డేటా ఖర్చవుతుందని లెక్క వేసుకోండి. కరెంటు పోతే ఫోన్‌లోనే కాల్ కొనసాగించేలా రెండో నెట్‌వర్క్ ఉన్న ఫోన్ పక్కన పెట్టుకోండి. ఉచిత జూమ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. మన పీరియడ్ కూడా దాదాపు అంతే కనుక అది ఇబ్బంది కాదు.

కెమెరా ముందు ఒక కుర్చీ వేయండి. అడిగేవాళ్లు వచ్చి అందులో కూర్చుని, పేరు చెప్పి, ప్రశ్న అడగాలి. తర్వాతి ఇద్దరు పక్కన సిద్ధంగా నిలబడాలి. మైకు చేతులు మారే గందరగోళం ఉండదు, శాస్త్రవేత్తకు అడిగేవాళ్ల ముఖం కనిపిస్తుంది. ముందురోజు అదే గదిలో, అదే సమయానికి పక్క ఊరి టీచర్‌తో ఒకసారి కాల్ చేసి చూసుకోండి.

బడి మొత్తాన్ని ఆవరణలో కూర్చోబెట్టాలని హెచ్‌ఎం గారు ముచ్చటపడవచ్చు. సున్నితంగా వద్దనండి. ఒక్క సెక్షన్ చాలు. మూడు వందల మంది చూస్తే అది సభ అవుతుంది, నలభై మంది అడిగితే తరగతి అవుతుంది.

నలభై నిమిషాలు ఇలా

పరిచయానికి 2 నిమిషాలు, అది కూడా ఒక విద్యార్థే చేయాలి. శాస్త్రవేత్త తన ల్యాబ్‌నో పొలాన్నో పరికరాన్నో చూపించడానికి 8 నిమిషాలు. పిల్లల ప్రశ్నలకు 22 నిమిషాలు. ఆ తర్వాత 5 నిమిషాలు శాస్త్రవేత్త పిల్లలను ప్రశ్నలు అడగాలి. ఈ భాగం ఎవరూ పెట్టరు, అందరికీ గుర్తుండేది మాత్రం ఇదే. చివరి 3 నిమిషాలు ధన్యవాదాలకు.

"ఇంకెవరైనా అడుగుతారా?" అన్నాక వెంటనే మీరు మాట్లాడొద్దు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు నోరు విప్పుతారని, జవాబులు కూడా పెద్దవవుతాయని మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలోనే గమనించారు. వీడియో కాల్‌లో మాట చేరడం కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి మనసులో అయిదు లెక్కపెట్టండి.

తెలుగు రాని శాస్త్రవేత్త అయితే మీరే దుబాసీ. రెండు వాక్యాలు చెప్పి ఆగమని ముందే కోరండి. సమయం రెట్టింపు పడుతుంది, కనుక ప్రశ్నలు ఆరింటికి తగ్గించండి. పిల్లలు తెలుగులోనే అడగాలి. ఇంగ్లీషు బాగా వచ్చిన ఇద్దరికే కుర్చీ దక్కితే ఈ శ్రమంతా వృథా.

జాగ్రత్తలు

కాల్ బడి ఖాతా నుంచే చేయాలి. మొదటి నుంచి చివరి దాకా టీచర్ గదిలో ఉండాలి. పిల్లల ఫోన్ నంబర్లు శాస్త్రవేత్తకు గానీ, శాస్త్రవేత్త నంబరు పిల్లలకు గానీ ఇవ్వొద్దు. ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ మీ ద్వారానే సాగాలి. రికార్డు చేయాలంటే శాస్త్రవేత్త అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం రెండూ ఉండాలి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మర్నాడు

కాల్ ముగిశాక చేయాల్సినవి మూడు. ఒకటి, పిల్లలు ధన్యవాదాల ఉత్తరం రాయాలి. "చాలా బాగుంది" అని కాకుండా, కొత్తగా తెలిసిన ఒక సంగతి, ఇంకా అర్థం కాని ఒక సంగతి అందులో ఉండాలి. రెండు, శాస్త్రవేత్త కొలవమని చెప్పింది నిజంగా కొలవాలి. మూడు నెలల తర్వాత ఆ అంకెలతో అదే మనిషికి మళ్లీ కాల్ చేయాలి. ముగ్గురు కొత్తవాళ్లను ఒక్కోసారి పిలవడం కంటే ఒక్కరినే రెండుసార్లు పిలవడం మేలు. మొదటిసారి పిల్లలు వింటారు, రెండోసారి తమ పని చూపిస్తారు. మూడు, మళ్లీ తెల్లకాగితం ఇచ్చి శాస్త్రవేత్త బొమ్మ గీయించండి. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి ఏం మారిందో పిల్లలనే చెప్పమనండి.

కాల్ ఎలా జరిగిందని హెచ్‌ఎం గారు అడిగితే, వచ్చిన శాస్త్రవేత్త హోదా చెప్పకండి. పత్రికలో పడిన ఫొటో చూపించకండి. మర్నాటి పీరియడ్‌లో పిల్లలు మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు ఎన్నో చెప్పండి. అంతకుముందు కంటే ఎక్కువైతే కాల్ ఫలించినట్టు. వాటిలో కొన్నింటికి మీకు జవాబు తెలియకపోతే ఇంకా మంచిది, రెండో కాల్‌కు విషయం దొరికినట్టే. ఈ వారమే ఒక పాఠం ఎంచుకోండి, ఒక పరిశోధకురాలి పేరు వెతకండి, ఆ ఈమెయిల్ పంపండి.